ఇంటి ముందు పచ్చిక: గరిక నుంచి కార్పెట్ గడ్డి వరకు

పరిచయం

నగర చరిత్రను సాధారణంగా కోటలు, రోడ్లు, పరిశ్రమలు, జనాభా లెక్కల ద్వారా చదువుతాం. ఈ పాఠంలో ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య మిగిలిన కొద్దిపాటి గడ్డి నేల ద్వారా చదువుదాం. మన ఉదాహరణ కూకట్‌పల్లి.

‘పచ్చిక’ను ఇప్పుడు లాన్‌కు బదులుగా వాడుతున్నాం. పాత వాడుకలో పచ్చిక అంటే పశువులు మేసే చోటు. తెలంగాణ గ్రామాల్లో ఊరి పశువుల మేతకు విడిచిన భూమిని బంచరాయి అన్నారు. అక్కడ గడ్డిని ఎవరూ కత్తిరించలేదు. పశువులు మేసి పొట్టిగా ఉంచాయి. మేసేవి ఏవీ లేకుండా, కోసి పారేయడానికే గడ్డి పెంచడం అన్న ఆలోచన మనకు బయటి నుంచి వచ్చింది. అది ఎలా వచ్చింది, ఏ గడ్డితో నిలిచింది, దానికి నీళ్లు ఎక్కడివి అన్నవి మన ముందున్న ప్రశ్నలు.

గరికకు రెండు జీవితాలు

తెలుగు రైతుకు గరిక ముందుగా కలుపుగా తెలుసు. నాగలికి తెగిన ప్రతి కణుపూ మళ్లీ వేరు పట్టుకుంటుంది. నల్లరేగడి చేలో గరిక పట్టిందంటే వేసవిలో లోతుగా దున్ని, వేళ్లు ఏరి, ఎండలో పడేయవలసిందే. అదే గరిక వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రాల్లో దూర్వాయుగ్మంగా పూజా పీఠం ఎక్కుతుంది. చేలో పీకి పారేసిన దాన్నే పండుగ నాడు వెతికి తెచ్చుకోవడంలో మన వాళ్లకు ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు. ఇప్పుడు నగరంలో చవితి ముందు రోజు రైతు బజారు దగ్గర గరిక కట్టలు కొనుక్కుంటున్నాం.

లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టాడు. 1805లో పెర్సూన్ దాన్ని సైనోడాన్ ప్రజాతిలోకి మార్చడంతో సైనోడాన్ డాక్టిలాన్ అన్న నేటి పేరు స్థిరపడింది. మొదటి మాటకు కుక్క పన్ను అని, రెండో దానికి వేలు అని అర్థం. గరిక కంకి వేళ్లు చాచిన చేతిలా ఉంటుంది కదా. ఉత్తర భారతంలో దీన్ని దూబ్ అని, దక్కన్‌లో హరియాలీ అని అన్నారు. కంపెనీ సైన్యాల కాలంలో గుర్రంతోపాటు దానికి గడ్డి కోసి తెచ్చే మనిషినీ పెట్టుకునేవారు. ఎండాకాలంలో ఈ గడ్డికోతగాళ్లు దూబ్ కోసం వెతుక్కుంటూ తిరిగేవారని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నమోదు చేసింది. అంటే దొరల ఇంటి ముందు పరుచుకోకముందే గరిక వాళ్ల గుర్రాలకు మేత.

లాన్ ఎక్కడి నుంచి వచ్చింది

ఇంగ్లండులో ఏడాది పొడవునా సన్నని వాన, చల్లని గాలి. గొర్రెలు మేసినా, కొడవలితో కోసినా గడ్డి మళ్లీ పచ్చగా లేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు జమీందార్లకు విశాలమైన లాన్ హోదాకు గుర్తు అయింది. పంట వేయకుండా ఇంత నేలను వదిలేయగలను, దాన్ని కోయించడానికి ఇంతమందికి కూలి ఇవ్వగలను అని చెప్పడమే అది. 1830లో గ్లాస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం తయారుచేశాడు. ఉన్ని బట్ట మీద నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రమే అతనికి ఆధారం. ఆ యంత్రంతో లాన్ మధ్యతరగతి ఇంటి ముందుకూ వచ్చింది.

మన దగ్గర బ్రిటిష్ వాళ్లకు ఒక చిక్కు ఎదురైంది. వాళ్ల దేశపు గడ్డి రకాలు 15 నుంచి 24 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతాయి. హైదరాబాద్ మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు తాకుతుంది. కారణం చాలాకాలం తర్వాత గానీ స్పష్టం కాలేదు. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకు మీద చేసిన పరిశోధనతో ఒక వేరే రకం కిరణజన్య సంయోగక్రియ వివరంగా తెలిసింది. దీన్నే సీ-4 మార్గం అంటారు. చెరకు, జొన్న, మొక్కజొన్న, సజ్జ, గరిక ఈ మార్గం వాడుకుంటాయి. వరి, గోధుమ, ఇంగ్లండు లాన్ గడ్డి వాడుకోవు. సీ-4 మొక్క తీవ్రమైన ఎండలోనూ తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకుంటుంది. వేడి కాలపు గడ్డి అని తోట పుస్తకాల్లో చెప్పేవి ఇవే. ఈ సంగతి తెలియకపోయినా, మైదాన ప్రాంతాల తోటమాలులు అనుభవంతో గరికనే నాటారు. రూపం ఇంగ్లండుది, మొక్క మనది.

హైదరాబాద్‌లో ఈ రూపానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. ఒకటి కోఠీలోని రెసిడెన్సీ. కిర్క్‌పాట్రిక్ కాలంలో, పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో అది కట్టారు. రెండోది 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు, దాని బంగళాల ఆవరణలు. ఈ ఆవరణల్లో నేల, కూలీ చవక. తోలు తిత్తితో నీళ్లు మోసే భిస్తీ కూలి ఇంకా చవక.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు చేయకుండా చూసుకోవాలి. పాత కట్టడాల చుట్టూ నున్నటి లాన్ కనిపిస్తే అది రాజుల నాటిదే అనుకుంటాం. పర్షియన్ చార్‌బాగ్ పద్ధతిలో ముఖ్యమైనవి నీటి కాలువలు, పండ్ల చెట్లు, పూల మొక్కలు; కోసి చదును చేసిన గడ్డి కాదు. తాజ్‌మహల్ తోటలో గుబురు చెట్లు తగ్గించి లాన్ పరిపించింది 1899 నుంచి 1905 వరకు వైస్రాయిగా ఉన్న కర్జన్ హయాంలో. దేశమంతటా కట్టడాల ఆవరణలకు తర్వాత అదే నమూనా అయింది.

కూకట్‌పల్లిలో

1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీల స్థానంలో గాలి, వెలుతురు వచ్చే ఇళ్లు కట్టడం దాని పని. 1960లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డుకు ఆ వారసత్వం అందింది. బాలానగర్, సనత్‌నగర్‌లలో పరిశ్రమలు పెరిగాక, కూకట్‌పల్లి రాళ్ల గుట్టల మధ్య బోర్డు కట్టిన కాలనీయే నేటి కేపీహెచ్‌బీ. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఆదాయాన్ని బట్టి ఇళ్లు విభజించారు. ఆ అక్షరాలు ఇప్పటికీ ఇంటి నంబర్లలో ఉన్నాయి. తన జీతం ఏ తరగతిదో గేటు మీద రాసుకుని బతకడం ఈ కాలనీల ప్రత్యేకత.

ఇక్కడ మొదటిసారి గుమాస్తాకు, మెకానిక్‌కు కూడా ఇంటి ముందు సొంత ఖాళీ జాగా వచ్చింది. దాన్ని ఏం చేశారన్నది ఆసక్తికరం. చాలామంది లాన్ వేయలేదు. తులసి కోట, కరివేపాకు, జామ, మల్లె, ముగ్గుకు కొంత అలికిన నేల. గడ్డి వేసినవాళ్లు చెరువు గట్టునో పార్కు అంచునో గరిక పీకి తెచ్చి నాటుకున్నారు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నేల విలువ మారింది. ఒక అంతస్తు ఎల్ఐజీ ఇల్లు నాలుగంతస్తుల హాస్టలు అయింది. ముందున్న జాగా పార్కింగ్ టైల్స్ కిందికి పోయింది. అదే సమయంలో లాన్ వేరే చోట పుట్టింది. విల్లాల ముందు, అపార్ట్‌మెంట్ల పోడియం మీద, ఆఫీసు ఆవరణల్లో. ఈసారి గడ్డిని పీకి తేలేదు, చదరపు అడుగు లెక్కన కొన్నారు. చాపలా చుట్టిన గడ్డి లారీల్లో వచ్చింది. అందులో కొంత సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని కడియం నర్సరీలది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కాలువ నీటితో పెరిగిన గడ్డి, డెల్టా ఒండ్రు మట్టితో సహా వచ్చి దక్కన్ మొరం మీద పరుచుకుంది. ఈ రెండు మట్టులూ కలవవు. పై పొర నీటిని పట్టి ఉంచుతుంది, వేరు కిందికి దిగదు, నీళ్లు ఆపిన నాలుగో రోజుకు చాప ఎండిపోతుంది. చాలామంది దీన్ని గడ్డి రోగం అనుకుని మందు కొడతారు.

పేర్లు చేసే మోసం

నర్సరీలో మెక్సికన్ గ్రాస్ అని అమ్మేది చాలావరకు జోయిసియా. మెక్సికోకు దానితో సంబంధం లేదు. తూర్పు, ఆగ్నేయాసియా దాని పుట్టినిల్లు. బెర్ముడా గ్రాస్ బెర్ముడా దీవులది కాదు. అది మన గరికే. ‘మామూలు గరిక వద్దు, బెర్ముడా కావాలి’ అని అడిగే కొనుగోలుదారుకు అదే మొక్కలో సన్నని ఆకు రకం దొరుకుతుంది. చేలో దొరికితే కలుపు, రసీదుతో వస్తే బెర్ముడా.

అయితే అన్నీ ఒకటే అనలేం. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే ప్రజననవేత్త గరికను ఆఫ్రికా జాతితో సంకరం చేసి టిఫ్‌గ్రీన్, టిఫ్‌వే వంటి రకాలు రూపొందించాడు. గోల్ఫ్, క్రీడా మైదానాల గడ్డి వాటితో మారిపోయింది. అవి గింజ కట్టవు. తీగ ముక్కలతోనే నాటాలి. ఈ బర్టన్ పేరు మనకు మరో విధంగా ముఖ్యం. ఆయన సజ్జలో రూపొందించిన టిఫ్ట్ 23ఎ అనే పురుష వంధ్య వంగడం ఆధారంగానే 1965లో భారతదేశపు తొలి సంకర సజ్జ హెచ్‌బీ-1 విడుదలైంది. కూకట్‌పల్లి నుంచి ముంబయి రహదారి మీద వెళ్తే వచ్చే పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సజ్జ మీద పరిశోధన కొనసాగించింది. గోల్ఫ్ గడ్డికీ మెట్ట రైతు సంగటికీ ఒకే శాస్త్రవేత్త దగ్గర చుట్టరికం కలిసింది.

నీళ్ల లెక్క, ఎంపిక

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. ఎండాకాలంలో పచ్చగా ఉండాలంటే లాన్‌కు రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు కావాలి. 50 చదరపు మీటర్లకు 250 లీటర్లు. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన ప్రమాణం. కాబట్టి మే నెలలో ఆ చిన్న లాన్ దాదాపు ఇద్దరు మనుషుల నీళ్లు తాగుతుంది. బోరు ఎండి ట్యాంకరు కోసం నిలబడే కాలనీలో ఇది అలంకరణ విషయంగా మిగలదు. శుద్ధి చేసిన మురుగునీరు ఉన్న పెద్ద సముదాయాల్లో వాదన వేరు.

హైదరాబాద్‌కు ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఈ లయకు సరిపోయేది గరిక. లోతుగా వేరు దించుతుంది, నీళ్లు లేనప్పుడు పసుపు రంగుకు తిరిగి నిద్రపోతుంది, తొలకరికి లేస్తుంది. కానీ కనీసం ఆరు గంటల ఎండ లేనిదే దట్టంగా రాదు. రెండు మీటర్ల సెట్‌బ్యాక్‌లో, పక్కన అయిదంతస్తులు లేచాక ఆ ఎండ ఎక్కడిది? కొంత నీడ ఉంటే జోయిసియా నయం. నెమ్మదిగా పెరుగుతుంది, కోత తక్కువ, కానీ అల్లుకోవడానికి నెలలు పడుతుంది. ఇంకా నీడైతే అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన వెడల్పాకు కార్పెట్ గడ్డి వేస్తారు. దానికి నీళ్లు ఎక్కువే కావాలి. నా అభిప్రాయంలో మూడు గంటల ఎండ కూడా రాని చోట గడ్డి ఆలోచన మానుకుని నీడ మొక్కలు పెట్టుకోవడం మంచిది.

నాటడం

కూకట్‌పల్లి ఇళ్ల నేల నిజానికి నేల కాదు: మొరం, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు. ఏప్రిల్, మే నెలల్లోనే 20 నుంచి 25 సెంటీమీటర్ల లోతు తవ్వి శిథిలాలు తీసేయాలి. తర్వాత తడిపి, రెండు వారాలు ఆగి, మొలిచిన కలుపును దుంపతో సహా తీయాలి, ఇలా రెండుసార్లు. ముఖ్యంగా తుంగ. ఒక్క తుంగ దుంప మిగిలినా మాలికి జీవితకాలం ఉపాధి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు ఇంటి గోడ వైపు కాకుండా బయటికి వాలేలా చదును చేయాలి.

తొలకరి పడ్డాక, రెండు మూడు కణుపులున్న గరిక ముక్కలను 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎడంలో నాటి, రోలరుతో గానీ కాళ్లతో గానీ నొక్కాలి. మొదటి రెండు వారాలు పై మట్టి ఆరకుండా తేలికగా తడపాలి. తర్వాత నీళ్లు ఇచ్చే రోజులు తగ్గించి, ఇచ్చినప్పుడు లోతుగా ఇవ్వాలి. వేరు కిందికి దిగేది అప్పుడే. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అల్లుకుంటుంది. అయిదారు సెంటీమీటర్లు పెరిగాక మొదటి కోత. ఒకసారి మూడో వంతుకు మించి కోయకూడదు. చాపలే పరవదలిస్తే అడుగున ఉన్న ఒండ్రు మట్టిని వీలైనంత దులిపి, కింది నేలను గుల్ల చేసి, ఇటుకల వరుసలా అతుకులు తప్పించి పరవాలి. డిసెంబరు, జనవరిలో పెరుగుదల మందగిస్తే ఎరువు వేయవద్దు.

అభ్యాసం: మీ ప్రాంతంలో ఒకే వీధిలోని పది ఇళ్లు ఎంచుకోండి. ముందున్న జాగాలో గడ్డి, మొక్కలు, టైల్స్ ఏవి ఉన్నాయో, రోజుకు ఎన్ని గంటల ఎండ పడుతుందో, నీళ్లు ఎక్కడివో నమోదు చేయండి. వీధిలో పెద్దవాళ్లను అడిగి, ఇల్లు కట్టిన ఏడాది అక్కడ ఏముండేదో పక్కన రాయండి.