ఈ వాక్యంలో 'ఆయన' ఎవరు?

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే వెనకనించి "మేడమ్!" అని ఎవరో కేకేశారు. 2009 బ్యాచ్ అమ్మాయట. నాకు ముఖం గుర్తు రాలేదు గానీ తనకి నేను బాగానే గుర్తున్నాను. "ఇంకా సెంటెన్స్ కరెక్షన్ చెబుతున్నారా మేడమ్?" అనడిగింది. అది పరీక్షలోంచే తీసేశారమ్మా అన్నాను. జీమ్యాట్‌ని 2023 నవంబర్‌లో మార్చేశారు, పాత పద్ధతి పరీక్ష 2024 జనవరి 31తో ఆగిపోయింది, కొత్తదాంట్లో వాక్యాలు దిద్దే ప్రశ్నలే లేవు. "అయ్యో, మరి మేం పడ్డ కష్టమంతా?" అని నవ్వేసి రైలెక్కింది.

నేను పడ్డ కష్టం సంగతి నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళపాటు అమీర్‌పేటలో పొద్దున ఆరుగంటల క్లాసులో నేను అడిగినవి రెండే ప్రశ్నలు. ఈ పని చేసింది ఎవరు? ఈ సర్వనామం ఎవరిది? ఎన్ని వేలసార్లు అడిగి ఉంటానో! అవి పరీక్ష ప్రశ్నలు మాత్రమే అని చాలాకాలం నేనూ అనుకున్నాను.

నేను సీఫెల్‌లో చదువుకున్నాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో సీఫెల్ అయి, 2007 నించి ఇఫ్లూ అయిన సంస్థ అది. అక్కడ భాషని తప్పొప్పులుగా చూడకూడదని నేర్చుకున్నాను. 2001లో అమీర్‌పేటకొచ్చి చూస్తే ఇక్కడ తప్పులు తప్ప మరేం లేవు. మైత్రీవనం చుట్టూ గోడలనిండా జావా, ఒరాకిల్ బోర్డులు. వాటి మధ్యలో జీఆర్‌ఈ వాళ్ళు పదాల పట్టీలు బట్టీ పడుతుంటే, జీమ్యాట్ వాళ్ళూ బ్యాంకు పరీక్షల వాళ్ళూ వాక్యాలు దిద్దుతుండేవాళ్ళు. "థియరీ వద్దు మేడమ్, ట్రిక్కు చెప్పండి" అన్నాడు నన్ను పనిలో పెట్టుకున్న పెద్దమనిషి. వాక్యం మొదట్లో 'ఇంగ్' ఉంటే కామా తర్వాతి నామవాచకం చూడు, ఆ పని అది చెయ్యగలదా లేదా చూడు. 'బీయింగ్' కనిపిస్తే కళ్ళు మూసుకుని కొట్టెయ్. 'షీ' ఉంటే వెనక ఎంతమంది ఆడవాళ్ళున్నారో లెక్కపెట్టు. ఇవీ ట్రిక్కులు.

మొదటి క్లాసుకి నేనెప్పుడూ ఎర్రమంజిల్‌నే ఉదాహరణగా తీసుకునేదాన్ని. కిటికీలోంచి కనపడకపోయినా నడిచిపోయేంత దూరమే కదా. 'క్లైంబింగ్ ది హిల్, ది ప్యాలెస్ అపియర్స్' అని బోర్డుమీద రాసేదాన్ని. తప్పెక్కడ అంటే సగం క్లాసు తప్పే లేదనేది. ఇంగ్లీషు లెక్కన అక్కడ గుట్ట ఎక్కుతున్నది ప్యాలెస్! మనవాళ్ళకి అది ఎందుకు వింతగా తోచదో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తెలుగులో 'గుట్ట ఎక్కుతూ' అంటే కర్త మారకూడదు, ఎక్కేవాళ్ళే తర్వాతి పని కూడా చెయ్యాలి. 'గుట్ట ఎక్కుతుంటే' అంటే మాత్రం మారొచ్చు. ఎక్కుతుంటే ప్యాలెస్ కనిపిస్తుంది, ఎక్కుతుంటే వాన పడుతుంది, ఎక్కుతుంటే కాళ్ళు లాగుతాయి. మనకి ఈ రెంటికీ రెండు రూపాలున్నాయి. ఇంగ్లీషులో రెంటినీ ఒకే 'ఇంగ్'లో పోసుకుంటాం, అక్కడ ప్యాలెస్‌కి కాళ్ళొస్తాయి. పిల్లలకి ఇంగ్లీషు రాక చేసే తప్పు కాదది, తెలుగు బాగా వచ్చి చేసే తప్పు. ఇది చెప్పిన రోజు వాళ్ళ ముఖాలు చూడాలి!

ఆ ప్యాలెస్ పేరులోనే ఒక సందిగ్ధం ఉంది. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఈ భవనానికి 'ఇరం' అనే స్వర్గంలాంటి తోట పేరు పెట్టాడని కొందరూ, గుట్ట ఎర్రనిది కాబట్టి ఎర్ర మంజిల్ అని కొందరూ చెబుతారు. రెండూ నిలిచాయి. భవనమే నిలవకుండా పోయేది. కొత్త శాసనసభ కోసం దాన్ని కూల్చాలని 2019 జూన్‌లో మంత్రివర్గం తీర్మానిస్తే, సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

సర్వనామాల పాఠం మాత్రం నాకు మా నాయనమ్మే నేర్పింది. ఆమె జీవితంలో తాతయ్య పేరు ఒక్కసారీ పలకలేదు. "ఆయన పొలం పోయిండు", "ఆయనకు బువ్వ పెట్టాలె." ముందు ఏ నామవాచకమూ అక్కర్లేని సర్వనామం అది. ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ ఒక 'ఆయన' ఉండేవాడు, ఎవరూ తికమక పడేవాళ్ళు కాదు. తాతయ్య మాటల్లో నాయనమ్మ 'అది'. రేషన్ కార్డు రాసేవాళ్ళు వచ్చినప్పుడు తాతయ్య ఇంట్లో లేడు. మీ ఆయన పేరేందమ్మా అంటే నాయనమ్మ గోడమీది క్యాలెండర్‌లో ఏడుకొండలవాడిని చూపించింది. ఆ గుమాస్తా వెంకటయ్య అని రాసుకుపోయాడు. తాతయ్య పేరు తిరుపతయ్య. ఆయన పోయాక పింఛన్ కోసం నాయనమ్మ మూడేళ్ళు తిరిగింది, కాగితాల ప్రకారం వెంకటయ్య భార్యగా బతికి, తిరుపతయ్యకి వితంతువైనందుకు. మా ఇంట్లో ఇది నవ్వుకునే కథగానే చెప్పేవాళ్ళు.

తెలుగు వ్యాకరణం దగ్గరకొస్తే, పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు అంటే ఏమిటో చెప్పిన తీరు విద్యార్థిగా చదివినప్పుడు నాకు తట్టలేదు. స్త్రీలూ జంతువులూ జడపదార్థాలూ కానివి మహత్తులు. అంటే మగవాడు ఏమిటో నేరుగా చెప్పలేదు, మనల్నీ పశువుల్నీ రాళ్ళనీ తీసేయగా మిగిలినవాడు! ఇది సూరి కనిపెట్టింది కాదు, భాషలో ఉన్నదే. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. పక్కన కన్నడంలో 'బందళు', తమిళంలో 'వందాళ్' అని ఒంటరి ఆడదానికీ వేరే క్రియాంతం ఉంది, మనకి లేదు. బహువచనంలో మాత్రం మనం మగవాళ్ళతో సమానంగా 'వచ్చారు'. నలుగురం కలిసి వెళ్తేనే మనుషులమన్నమాట.

అయితే ఇదే తెలుగు ఇంకోచోట ఇంగ్లీషుకి చేతకానిది చేస్తుంది. సీత రాధతో 'షీ' గెలిచిందని చెప్పింది అంటే ఎవరు గెలిచారు? ఇంగ్లీషు వాక్యాన్ని బట్టి చెప్పలేం, అందుకే అది పరీక్ష ప్రశ్న. తెలుగులో 'తను గెలిచానని' అందంటే సీత, 'ఆమె గెలిచిందని' అందంటే సీత కాదు. ఆ 'గెలిచాను'లో చివరన ఒక 'నేను' దాక్కుని ఉంది. వేరేవాళ్ళు చెబుతున్న మాటలో కూడా సీత 'నేను' చెరిగిపోదు.

ఇంగ్లీషు 'హీ' సంగతి నేను సీరియస్‌గా వెతకడం మొదలుపెట్టింది ఒక పాంప్లెట్ వల్ల. మా సెంటర్ వాళ్ళు నా ఇంటి పేరూ పొడి అక్షరాలూ మాత్రం వేసి ముద్రించారు. ఫోన్లు చేసిన తల్లిదండ్రులందరూ "ఆ సార్ దగ్గరే మా బాబుని వెయ్యండి" అనేవాళ్ళట. లింగం చెప్పకపోతే మగవాడే. దీనికి ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక సూత్రమే ఉంది, 'హీ' అంటే ఇద్దరూ అని. 18వ శతాబ్దం మధ్యలో దీన్ని అచ్చులో పెట్టిన తొలి వ్యాకరణకర్తల్లో యాన్ ఫిషర్ అనే స్త్రీ ఉంది, బడిపంతులమ్మ. మన పని మనమే చేసుకున్నామనుకోవాలేమో!

వ్యాకరణం పుస్తకంలో ఉన్నంతవరకు గొడవ లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఎనిమిదో సెక్షన్, 'హీ' అనే సర్వనామాన్ని మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వాడతామని రాసి పెట్టింది. ఆ స్మృతి తొలి ముసాయిదా నడిపింది మెకాలే, మనకి ఇంగ్లీషు చదువులు తెచ్చిపెట్టిన మెకాలేనే. 1897లో వచ్చిన జనరల్ క్లాజెస్ చట్టం పదమూడో సెక్షన్ కూడా అంతే, పుంలింగంలో చెప్పినది స్త్రీలకీ వర్తిస్తుంది, సందర్భం అడ్డురాకపోతే. ఈ చివరి మాట దగ్గరే ఉంది అంతా.

కలకత్తాలో లా చదివిన రెజీనా గుహ ప్లీడరుగా నమోదు కావాలనుకుంది. 1879 నాటి లీగల్ ప్రాక్టిషనర్స్ చట్టంలో రాసింది పుంలింగంలోనే. పుంలింగంలో స్త్రీలూ ఉన్నారు కదా అన్నది ఆమె వాదన. మన సెంటెన్స్ కరెక్షన్ ప్రకారం ఆమెదే సరైన జవాబు, సూత్రం చట్టంలోనే అచ్చయి ఉంది. 1916లో కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. చట్టం చేసినవాళ్ళ ఆలోచనలో ఆడవాళ్ళు లేరు కాబట్టి అక్కడ 'హీ' అంటే హీయే. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకీ అదే జవాబు దొరికింది. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు మాత్రం కార్నీలియా సొరాబ్జీని వకీలుగా చేర్చుకుంది. ఒకే దేశం, ఒకే చట్టాలు, ఒకే సర్వనామం! చివరికి 1923లో స్త్రీల కోసం ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సొచ్చింది. మన హైకోర్టులో జస్టిస్ అమరేశ్వరి జడ్జి అయింది 1978లో.

నేరం చేసి జైలుకి వెళ్ళడానికి 'హీ'లో మనకి చోటు ఎప్పుడూ ఉంది, దానికి ఏ జడ్జీ సందర్భం అడ్డొస్తోందనలేదు. నల్లకోటు దగ్గరే సందేహం వచ్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ 'హీ' అలాగే ఉంది, కాకపోతే అందులోకి ట్రాన్స్‌జెండర్లనీ చేర్చారు. ఇంట్లో మనుషులు పెరిగారు, ఇంటి పేరు మాత్రం అదే.

కర్త ఎవరనే ప్రశ్నకి నా దగ్గర ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. దాన్ని క్లాసులో ఎప్పుడూ చెప్పలేకపోయాను. చేసి, తిని, వెళ్ళి, ఇలాంటి క్త్వార్థకాలకీ వాక్యం చివరి క్రియకీ ఒకే కర్త ఉండాలని చిన్నప్పుడే నేర్పుతారు. దానికొక మినహాయింపు ఉంది, 'వాన కురిసి పంటలు పండాయి'. ప్రాణంలేనివి కారణమైనప్పుడు కర్తలు మారొచ్చు. ఈ మినహాయింపుని నేను ఎక్కువగా చదివింది వానల గురించి కాదు. 1980లలో పేపర్ తీస్తే 'స్టవ్ పేలి వివాహిత మృతి'. మా గల్లీ చివరింట్లో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి గురించి కూడా ఆ నాలుగు మాటలే వచ్చాయి. వ్యాకరణం ప్రకారం నిర్దుష్టమైన వాక్యం. పేలినదానికి కర్త స్టవ్, చనిపోయినదానికి కర్త వివాహిత, మధ్యలో మనుషులెవరూ లేరు. ఏడో తరగతితో చదువాగిపోయిన మా అమ్మ ఆ పేపర్ మడిచిపెడుతూ, "రాత్రి పదకొండింటికి స్టవ్ ముట్టించింది ఎవరట?" అంది. ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ రోజుల్లో ఈ నగరంలోనూ ఢిల్లీలోనూ వీధుల్లోకి వచ్చిన మహిళా సంఘాలు అడిగిందీ ఇదే. 1983లో 498ఎ, 1986లో 304బి వచ్చాయి. ఈ రెండోది ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోయి, చావుకి కొద్దికాలం ముందు కట్నం కోసం హింసించారని తేలితే, ఆ భర్తగానీ బంధువుగానీ ఆ మరణానికి కారకులని భావించాలంటుంది. అంటే తప్పిపోయిన కర్తని పట్టుకొచ్చి వాక్యంలో కూర్చోబెట్టింది. ఇప్పుడది న్యాయ సంహితలో ఎనభయ్యో సెక్షన్. కోర్టుల్లో దాని గతేమిటన్నది మీకు తెలిసిందే. పేపర్లలో మాత్రం 'కాలు జారి పడి', 'మనస్తాపం చెంది' ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

పరీక్షలోంచి సెంటెన్స్ కరెక్షన్ పోయాక నా దగ్గరికి పిల్లలు విదేశీ యూనివర్సిటీలకి రాసుకునే వ్యాసాలు దిద్దించుకోవడానికి వస్తున్నారు. మొన్న నవంబర్‌లో ఒకమ్మాయి తెచ్చిన కాగితంలో మొదటి వాక్యం: 'బీయింగ్ ది ఎల్డెస్ట్ గర్ల్, మై పేరెంట్స్ స్టాప్డ్ మై స్టడీస్ ఆఫ్టర్ ఇంటర్.' పాత అలవాటుకొద్దీ నా పెన్ను 'బీయింగ్' దగ్గర ఆగింది. ఇందులో పెద్దపిల్ల ఎవరు అన్నాను. నేనే మేడమ్ అంది. వాక్యం ప్రకారం మీ అమ్మానాన్న అన్నాను. నవ్వింది. మరి ఎట్లా రాయాలి అనడిగింది. నువ్వు ఎక్కడో ఒకచోట ఇందులోకి రావాలి కదా, కామా తర్వాత నువ్వుంటే సరిపోతుంది అన్నాను.

చాలాసేపు కూర్చుని రాసింది. 'బీయింగ్ ది ఎల్డెస్ట్ గర్ల్, ఐ వజ్ స్టాప్డ్' అని రాసి, మళ్ళీ కొట్టేసింది. అదిప్పుడు వ్యాకరణంగా సరైనదే, మార్కులొచ్చేది. ఎందుకు కొట్టేశావు అంటే, "ఇట్లా రాస్తే ఆపినోళ్ళు ఎవరో తెల్వదు మేడమ్" అంది. చివరికి రెండు వాక్యాలు చేసింది. ఇంటికి పెద్దపిల్లని కాబట్టి మా నాన్న నా చదువు ఆపాడు, మూడేళ్ళ తర్వాత మా అమ్మ గాజులమ్మి నన్ను డిగ్రీలో చేర్చింది అని. పేరెంట్స్ అన్న మాట పోయింది. నేను స్పెల్లింగ్ ఒకటి దిద్ది కాగితం తిరిగి ఇచ్చాను.