చలినుండి తప్పించిన పిదప

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారికి వడదెబ్బను గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. చలిదెబ్బ మాత్రము మనకు దూరపు మాట. 2020 జూన్ 15 రాత్రి ఆ దూరము తరిగిపోయినది. లడఖ్‌లోని గల్వాన్ లోయయందు జరిగిన ఘర్షణలో బిహార్ రెజిమెంటు 16వ పటాలపు అధిపతి, సూర్యాపేట బిడ్డ, కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు నేలకొరిగెను. తీవ్రముగా గాయపడి, సున్న డిగ్రీలకు దిగువనున్న చలికి గురియైన మరి 17 మంది కూడ మరణించిరని, మృతులు 20 మందియని మరునాడు సైన్యము ప్రకటించినది. గాయమును, చలిని ఒక్కచోట చెప్పుటలో అర్థమున్నది. రక్తము కోల్పోయిన దేహము చాలినంత వేడిని పుట్టింపజాలదు. చల్లబడిన రక్తము సరిగా గడ్డకట్టదు.

గాయము లేకున్నను చలి యొక్కటే ప్రాణము తీయును. అదియు, ఒక్కొక్కప్పుడు, రక్షించిన పిమ్మట! ఈ సంగతి మనుష్యునికి తెలిసిన కథ పాతది. 1790 డిసెంబరులో లివర్‌పూల్ చెంత, మెర్సీ నదీ ముఖమున ఒక అమెరికను ఓడ పగిలినది. నావికులు 23 గంటలు దాని శిథిలమును పట్టుకొని వ్రేలాడిరి, కొందరు మరణించిరి. ఆ వూరి వైద్యుడు జేమ్స్ కరీ దీనిని అంతటితో విడువలేదు. ఆరోగ్యవంతులను చల్లని ఉప్పునీట దింపి ఉష్ణమాపకముతో పరీక్షించెను. వారు నీరు వెడలి గాలిలో నిలిచినప్పుడు పాదరసము పైకి లేవక, ఇంకను దిగజారినది.

ఇందు వింత లేదు. తడిగుడ్డ చుట్టిన కూజాను నీడకు చేర్చినంత మాత్రమున లోపలి నీరు చల్లబడుట మానునా? దేహమును అంతే. తడిబట్ట, గాలి పైనుండి వేడిని లాగుచునే యుండును; లోపలి వేడి చల్లని కాలుసేతులవైపు సాగుచునే యుండును. లోని ఉష్ణము 35 డిగ్రీలకు తగ్గిననే అపాయము. 28కి దిగిన గుండె చిన్న కుదుపునకే లయ తప్పవచ్చును.

మన యిండ్లలో ఒడలు చల్లబడినవారి అరిచేతులకు, అరికాళ్లకు శొంఠిపొడి రుద్దుట వాడుక. చలిదెబ్బ తగిలినవానికి అట్టి మర్దన తగదు. నడిపింపరాదు, మద్యమీయరాదు. తడిబట్టలు తీసి, పొడి కంబళి చుట్టి, కదపక పరుండబెట్టవలెను.

1981లో గోల్డెన్, హెర్వే అను బ్రిటిష్ పరిశోధకులు మరియొక సంగతి నెత్తిచూపిరి. నీటిలోనున్నవానిని చుట్టును అదిమిపట్టిన ఒత్తిడి, నిలువుగా పైకి లాగినంతనే తొలగిపోవును. రక్తపుపోటు పడిపోయి మనిషి కూలవచ్చును. అందువలననే నేడు హెలికాప్టరునుండి వీలైనచోట రెండు పట్టీలు దింపెదరు: ఒకటి చంకల క్రింద, రెండవది మోకాళ్ల క్రింద.