బొగ్గుబాయి

పెద్దపల్లి జిల్లాలో ‘బాయికి పోయిండు’ అని చెబితే, మనిషి ఎక్కడున్నాడో తెలియడానికి ఆ మాట ఏ ఊళ్లో విన్నామో కూడా తెలియాలి. సుల్తానాబాద్ వైపు పల్లెల్లో అయితే పొలం దగ్గరున్నాడని. మోటరు పెట్టి మడికి నీళ్లు కట్టి, పొద్దెక్కాక బువ్వకు వస్తాడు. గోదావరిఖని కాలనీల్లో అయితే నేల కింద ఉన్నాడని. మస్టర్ పడ్డాక షిఫ్టు అయితే గాని పైకి రాడు. ఒకటే బాయి, ఒకచోట నీళ్లది, ఇంకోచోట బొగ్గుది.

బాయి అంటే బావే. కానీ బావి కూడా అచ్చతెలుగు మాట కాదు. సంస్కృతంలోని ‘వాపి’ నోళ్లలో నలిగి నలిగి మన దగ్గర బావి అయింది, గుజరాత్‌లో వావ్ అయింది, హిందీ వాళ్లకు బావోలీ అయింది. మన సొంత మాట నుయ్యి. తెలంగాణలో దాన్ని బాయి దాదాపు మింగేసింది గాని, ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ అన్నప్పుడు ఇప్పటికీ నాలుక మీదికి వస్తుంది. వాపి అంటే చేదతో తోడుకునే ఇరుకు బావి కాదు. మెట్లు దిగిపోయి నీళ్లు ముంచుకునే దిగుడుబావి. గోదావరిఖనిలో భూగర్భ గనుల పేర్లు చూడండి: ఒకటో ఇంక్లైన్, ఐదో ఇంక్లైన్, పదకొండో ఇంక్లైన్. అవి నిట్టనిలువు గుంతలు కావు, బొగ్గుపొర వాలు పట్టుకుని ఏటవాలుగా దిగే దారులు. వాపి అర్థం వెతికి ఎవరూ ఈ పేరు పెట్టలేదు. అయినా గనికి దిగుడుబావి పేరు ఇంత బాగా అతకడం చూస్తే ముచ్చటేస్తుంది.

పేరు పెట్టింది బహుశా తొలి తరం కూలీలే. 1871లో జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. ఆయన పేరు ఇప్పటికీ అక్కడి ఒక పొరకు ఉంది, కింగ్ సీమ్ అని. ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. దగ్గర్లోని సింగరేణి అనే పల్లె పేరే 1920లో కంపెనీ పేరైంది. తట్టా చెమ్మాస్ (బొగ్గెత్తే పార) పట్టి లోపలికి దిగిన పల్లె మనిషికి అప్పటిదాకా తెలిసిన లోతు బావి లోతే కదా! నా అంచనా ఇది. గోదావరిఖని, రామగుండం వైపు గనులు వచ్చింది 1960ల్లో. అప్పటికే మాట వాడుకలో నలిగి ఉంది.

ఒక్కచోట మాత్రం ఈ పేరు తలకిందులవుతుంది. పొలంలో బాయి తవ్విస్తే జల పడాలని కొబ్బరికాయ కొడతారు. బొగ్గుబాయిలో జల పడిందా, ప్రాణం మీదికి వచ్చినట్టే. గోదావరి ఒడ్డున గనులాయె, రాత్రింబవళ్లు పంపులు నీళ్లు తోడుతూనే ఉండాలి. 2003 జూన్‌లో గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ అనే గనిలోకి ఒక్కసారిగా నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు లోపలే చనిపోయారు.

నేల పైనుంచే మట్టి ఎత్తి బొగ్గు తీసే పద్ధతి వచ్చాక బాయికి కష్టమొచ్చింది. కొండలంత మట్టిదిబ్బలు పోసి మైళ్ల కొద్దీ తెరిచిన గుంతను బాయి అనడానికి నోరు రాదు. దానికి ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ ప్రాజెక్ట్) అనే మూడక్షరాలే నిలిచాయి.

ఇక గోదావరిఖని అన్న ఊరి పేరులోని ఖని. తవ్వడమనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి పుట్టింది. ఖననం, ఖనిజం, ఉత్ఖననం దాని చుట్టాలే. భారతంలో లక్క ఇంటి నుంచి పాండవులు బయటపడటానికి సొరంగం తవ్వింది విదురుడు పంపిన ఖనకుడు. మన సాహిత్యంలో తొలి గని కార్మికుడు అతనే అనుకోవచ్చు. ఖని తెలుగులో గని అయింది. గని పత్రికలకూ యూనియన్ కరపత్రాలకూ పోయింది, బాయి ఇంటి మాటగా ఉండిపోయింది, ఖని ఏకంగా ఊరైంది. మంథని నుంచి బస్సెక్కేవాళ్లు గోదావరిని వదిలేసి ‘ఖనికి’ అనే టికెట్ అడుగుతారు.

అసలు బొగ్గు కథే వేరు. ఇది అచ్చతెలుగు మాట, కానీ మొదట నేలలోది కాదు. కట్టె కాలి ఆరితే మిగిలేది బొగ్గు. కొలిమికీ కుంపటికీ ఇస్త్రీపెట్టెకూ అదే, పళ్లు తోముకోవడానికీ అదే. నేలలో నల్లరాయి దొరికినప్పుడు దానికి వేరే పేరు కావలసి వచ్చి రాక్షసిబొగ్గు అన్నారు, నేలబొగ్గు అన్నారు. మనుషుల కొలతకు అందనంత పెద్దదో పాతదో కనిపిస్తే రాక్షసులకు అంటగట్టడం మనకు అలవాటు. ఊరి బయట బండలు నిలిపి కట్టిన పాత సమాధులు రాక్షసిగుళ్లు, డైనోసార్ రాక్షసిబల్లి. ఆ బల్లీ ఈ బొగ్గూ ఒకే లోయవి కావడం ఇంకో వింత. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ ఎముకలు గోదావరికి అవతలి వైపు, యామనపల్లి దగ్గర దొరికినవే. వయసులో మాత్రం బొగ్గే పెద్దది; అది పాతిక కోట్ల ఏళ్ల కిందటి అడవి, ఆ బల్లులు ఇంకా పుట్టనే లేదు.

ఇంగ్లిషు కోల్‌ది కూడా ఇదే దారి. మొదట్లో అది నిప్పుకణిక, కట్టెబొగ్గు. ఓడల్లో లండన్‌కు వచ్చే నేలబొగ్గును ‘సీ కోల్’ అని వేరుగా చెప్పుకునేవారు. రాను రాను ‘సీ’ రాలిపోయింది. మన దగ్గరా రైలుకూ కరెంటుకూ ఈ బొగ్గే ఆధారమయ్యాక రాక్షసి తప్పుకుంది. రామగుండం ఎన్టీపీసీ బాయిలర్ల ముందు రాక్షసిబొగ్గు అని ఎవరంటారు? బొగ్గు అంటే నేలదే. ఇప్పుడు విశేషణం తగిలించుకోవలసిన గతి పాత బొగ్గుకు పట్టింది: ఖనిలో ఇస్త్రీ బండివాడు తన పెట్టెలోకి కొనుక్కునేది కట్టెబొగ్గు.