హారో నేలమాళిగల్లో

స్పెయిన్ ఉత్తరాన రియోహా ప్రాంతంలో హారో అనే చిన్న ఊరుంది. అక్కడి రైల్వేస్టేషన్ పక్కనే, 1877లో మొదలైన లోపెజ్ దె హెరెదియా వారి వైన్ కార్ఖానా. నేలమాళిగలోకి దిగితే వరసలు వరసలుగా ఓక్ పీపాలు, గోడలనిండా నల్లటి బూజు, సాలెగూళ్లు. వాటినెవరూ దులపరు. సీసాల బిరడాలను తొలిచే పురుగులను సాలీళ్లు తినేస్తాయని కావాలనే ఉండనిస్తారు.

ఈ స్టేషన్ పేట ఎదగడం వెనక ఫ్రాన్సు రైతుల కన్నీళ్లున్నాయి. 1850ల్లో అక్కడి ద్రాక్షతోటలకు బూడిద తెగులు పట్టింది. తర్వాతి దశాబ్దంలో ఫిలోక్సెరా అనే వేరు పేను వచ్చి తోటలకు తోటలనే ఎండబెట్టింది. సరుకు కరవైన బోర్డో వ్యాపారులు రియోహా దారి పట్టారు. హారో నుంచి రైలెక్కిన పీపాలు బిల్బావో రేవు చేరేవి. అంతకుముందే, 1862లో, పక్కనున్న ఆలవ ప్రాంత పాలకులు బోర్డోలోని మెదోక్ నుంచి జాఁ పినో అనే నిపుణుణ్ని రప్పించి బోర్డో పద్ధతి నేర్పించారు. 225 లీటర్ల ఓక్ పీపాలో వైన్‌ను నిలవబెట్టడం అందులో ముఖ్యం. చివరికి 1899లో ఆ పేను రియోహానూ వదల్లేదు. పేనును తట్టుకునే అమెరికా వేళ్లకు అంటుకట్టి తోటలను మళ్లీ నిలబెట్టుకున్నారు.

నేర్చుకున్న విద్యను రియోహా తనదిగా మలచుకుంది. ఇక్కడి ప్రధాన ద్రాక్ష తెంప్రానీయో, పేరుకు తగ్గట్టే తొందరగా పండుతుంది. కొత్త వైన్ ఊదారంగులో, లేత జామపిందె కొరికినట్టు వగరుగా ఉంటుంది. చెక్క సందుల్లోంచి పీపాలోకి గాలి కొద్దికొద్దిగా ఇంకుతుంటే వగరు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా అడుగుకు దిగుతాయి. రంగు ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. అమెరికా ఓక్ తన వెనీలా వాసనను కలుపుతుంది.

అన్ని ఎర్ర వైన్లకూ ఈ యోగం లేదు. వగరు, పులుపు తక్కువైనదాన్ని ఏళ్ల తరబడి దాచడం వృథా. దాన్ని తాజాగా తాగాల్సిందే. రియోహాలో ‘గ్రాన్ రెసెర్వా’ అనిపించుకోవాలంటే కనీసం 5 ఏళ్లు ఆగాలి. అందులో పీపాలో 2, సీసాలో 2 తప్పనిసరి. లోపెజ్ దె హెరెదియా వారు అంతకంటే చాలా ఎక్కువే ఆగుతారు. కొన్నవాడు ఇంట్లో దాచుకుని పండించుకోవాల్సిన భారాన్ని అమ్మేవాడే మోయడం, పెట్టుబడిని ఏళ్లకేళ్లు చీకట్లో కట్టిపడేయడం రియోహా గొప్పదనం. రియోహా బయట, దువేరో నది ఒడ్డున, 1864 నాటి వేగా సిసీలియా కార్ఖానాలో చేసే ‘ఊనికో’ వైన్ అయితే సుమారు 10 ఏళ్లకు గానీ గడప దాటదు.

హారోలో ఇప్పటికీ గుడ్డు తెల్లసొన కలిపి వైన్‌ను తేటపరుస్తారు. మడ్డి కదలకుండా ఒక పీపాలోంచి మరో పీపాలోకి వంపేటప్పుడు పనివాడు కొవ్వొత్తి వెలుగులో గాజుగ్లాసు పట్టుకుని చూస్తుంటాడు. ఎర్రటి ధారలో మసక కనబడిందా, ఆ క్షణమే ధార కట్టేస్తాడు.