కరువు కొలత, రోగి కొలత

1876లో ధాత కరువు వచ్చింది. బద్వేలు ఉన్న కడప జిల్లా, దాని పొరుగు కర్నూలు జిల్లా ఆ కరువుకు గట్టిగా దెబ్బతిన్నాయి. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే, చావులూ వలసలూ కలిసి కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగోవంతు తరిగిపోయినట్టు తెలుస్తుంది.

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలి తగ్గించాడు. మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం వెల, పైన కొద్ది చిల్లర చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని ఎదిరించాడు. రోజంతా మట్టి మోసే శరీరం ఆ తిండితో నిలవదని వాదించాడు. చివరకు మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి ఒకటింపావు పౌను ధాన్యం, కాస్త పప్పు చేర్చింది. ఒకరు ఖజానాను కొలిచారు. ఇంకొకరు మనిషిని కొలిచారు. వాదులాటలోని అసలు విషయం ఇదే.

అయితే మనిషిని కొలవడం సులువు కాదు. తిండి లేక క్షీణించినవాడికి ఒళ్ళంతా నీరు పడుతుంది. ఆ నీటి బరువు అతని క్షీణతను తక్కెడకు కనపడనివ్వదు. ఒక్క కొలతను నమ్మినవాడు మోసపోతాడు. ఆకలిచావుల శవపరీక్షలు చేసిన డాక్టర్ అలెగ్జాండర్ పోర్టర్ మద్రాసు కరువురోగాలపై గ్రంథం ప్రకటించేసరికి 1889 వచ్చింది. శాస్త్రం నేర్చుకుంది, నేర్పినవారు మాత్రం బతికిలేరు.

తరవాతి వైద్యం అనేక కొలతలను కలిపి చూడడం అలవరచుకుంది. 1981లో అమెరికాలో నాస్, అతని సహచరులు రూపొందించిన 'అపాచీ' పద్ధతి, 1985నాటి సవరణలో, 12 శారీరక కొలతలకు వయస్సునూ పాతరోగాలనూ జోడించి రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో ఒక అంకెలో చెప్పింది. దానికి రక్తపరీక్షలు కావాలి. 2012లో బ్రిటన్ వైద్యులు ప్రవేశపెట్టిన హెచ్చరిక పట్టికకు నాడి, శ్వాస, జ్వరం, రక్తపుపోటు, రక్తంలో ప్రాణవాయువు, స్పృహ ప్రధానం. ఇవి మంచం పక్కన నిలబడిన నర్సు చూడగలిగినవి. బద్వేలు వంటి ఊళ్ళకు పనికొచ్చేది ఈ రెండవ దారి.

కాని అంకె తనంతట తాను ఎవరినీ బతికించదు. రోగి విషమించాడని అంకె చెప్పినప్పుడు డాక్టరు పరుగెత్తి రావచ్చు. లేదా ఇతనికి మంచం దండుగ అని గుమాస్తా తేల్చవచ్చు. మొదటిది జరగాలంటే డాక్టరు, మందు, మంచం ముందే ఉండాలి. అవి లేనిచోట ఎంత నిక్కమైన కొలతైనా టెంపుల్ పౌనుగా మారుతుంది. కనుక ఏ కొలతనైనా మనం అడగవలసింది రెండు ప్రశ్నలు: ఎంత సరిగా కొలుస్తుంది? ఎవరికోసం కొలుస్తుంది? రెండవదాన్ని మరిచిన శాస్త్రం ధాత కరువును మరిచినట్టే.