చిట్టెలుక మెదడుకు ఎం.ఆర్.ఐ. ఎందుకు?

ఇంట పెద్దవారికి మతిమరుపు ముదిరితే వైద్యులు మెదడుకు ఎం.ఆర్.ఐ. వ్రాయడం పోదనూరు, కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ఆ జబ్బు మూలం తెలుసుకొనుటకు పరిశోధనశాలలలో చిట్టెలుక మెదడును కూడ ఇదే పద్ధతిలో చిత్రిస్తారు.

పుట్టుక: అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ 1973లో ఈ పద్ధతిని ప్రకటించారు. 1974లో బ్రతికివున్న చిట్టెలుక ఛాతీ భాగాన్ని చిత్రించారు. 2003లో ఆయనకు, బ్రిటన్‌కు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది.

పనిచేయు తీరు: శరీరంలోని నీటియందలి హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక వరుసకు వస్తాయి. రేడియో తరంగాలు వాటిని కదిలించి ఆగినపుడు వెలువడే సంకేతాలనుండి కంప్యూటరు బొమ్మ కడుతుంది. ఇందులో ఎక్స్‌రే ఉండదు.

చిన్న మెదడు, పెద్ద చిక్కు: మనిషి మెదడు సుమారు 1,400 గ్రాములు, చిట్టెలుకది అర గ్రాము మాత్రమే. బొమ్మలోని గడి పక్క పదో వంతుకు తగ్గితే సంకేతం వెయ్యో వంతుకు పడిపోతుంది. అందుకే ఆస్పత్రులలోని 1.5 లేక 3 టెస్లాలకు బదులు 7, 9.4 టెస్లాల అయస్కాంతాలు వాడుతారు. ఎలుకకు మత్తు ఇచ్చి, ఒంటి వేడి తగ్గకుండ చూస్తూ, ఊపిరిని గమనిస్తూ చిత్రిస్తారు. 2023లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం, ప్రాణం పోయిన తరువాత భద్రపరచిన ఎలుక మెదడును 5 మైక్రాన్ల గడులతో చిత్రించింది. 2 మిల్లీమీటర్ల గడితో పోలిస్తే ఇది 6.4 కోట్ల రెట్లు చిన్నది.

హైదరాబాదులో: సి.సి.ఎం.బి.లో అనంత్ బహదూర్ పటేల్ బృందం ఎలుకలకు కార్బన్-13 కలిగిన గ్లూకోజునిచ్చి, మెదడు దానిని వాడుకొనే తీరును అయస్కాంత అనునాద స్పెక్ట్రోస్కోపీతో కొలిచింది. అల్జీమర్స్ నమూనా ఎలుకలలో ఆ వినియోగం తగ్గినట్లు కనుగొన్నది.

గమనించవలసినది: ఎలుకకు అల్జీమర్స్ సహజంగా రాదు, జన్యువులు మార్చి ఆ లక్షణాలు కలిగిస్తారు. దాని మెదడు ఉపరితలం మన మెదడువలె ముడుతలు పడి ఉండదు. కనుక ఎలుకలో గుణమిచ్చిన మందు మనిషికి పనిచేయునని చెప్పలేము. మనుషులపై పరీక్షలు ముగియాలి. పత్రికలో వార్త చూసి పెద్దవారి మందులు మాన్పరాదు. స్కానుకు వెళ్లునపుడు పేస్‌మేకరు గాని, ఒంటిలో లోహపు ముక్క గాని ఉన్నచో ముందుగానే చెప్పవలెను.