భాషలను తూచిన త్రాసులు

ఉగాది సభ ముగిసి భోజనాలకు కూర్చున్నప్పుడు మన మారిషస్ తెలుగు కుటుంబాలలో తరచుగా వినిపించే మాటలు రెండున్నవి. "తెలుగు మహా కష్టమండీ, పిల్లలకు పట్టుబడదు" అన్నది మొదటిది. "క్రియోల్‌కేముంది, దానికి వ్యాకరణమే లేదు" అన్నది రెండవది. సాధారణంగా ఈ రెండూ ఒకే నోట వస్తాయి. ఒక భాష బరువనీ, మరొకటి తేలికనీ చెప్పడానికి త్రాసు ఒకటి ఉండాలి గదా! అటువంటి త్రాసులను పండితులు రెండు వందల ఏళ్ళుగా తయారుచేస్తూనే ఉన్నారు. వాటి కథ మనబోటివారు తెలుసుకోదగినది.

1808లో జర్మన్ పండితుడు ఫ్రెడరిక్ ష్లెగెల్ భారతీయుల భాషను, జ్ఞానాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ వంటి భాషలలో ధాతువు విత్తనం మొలకెత్తినట్లు లోపలినుండే మారుతుందనీ, తక్కిన భాషలు ప్రత్యయాలను బయటనుండి తగిలించుకుంటాయనీ, మొదటివే ఉత్తమమైనవనీ ఆయన సిద్ధాంతం. 1818లో ఆయన అన్న ఆగస్ట్ విల్హెల్మ్ ష్లెగెల్ ఆ విభజనను మూడు తరగతులు చేశాడు. ఆ లెక్కన ప్రత్యయం మీద ప్రత్యయం అతికించే మన తెలుగు మధ్య తరగతిలో పడుతుంది. త్రాసు చేసినవారి సొంత భాష మాత్రం పై తరగతిలోనే తూగింది!

అదే కాలంలో తెలుగుకు మరొక చిక్కు ఉండేది. అది సంస్కృతంనుండి పుట్టిన వికృతి అని పలువురు దొరల నమ్మకం. 1816లో మదరాసులో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం చేర్చి, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఈ భాషల మూలం వేరని నిరూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చింది 1856లో. అంటే దానికి నలభై ఏళ్ళ ముందు మాట ఇది.

ఒకనాడు మన భాషమీద పడిన నిందే ఇక్కడ క్రియోల్ మీద పడింది. 1715 నుండి 1810 వరకు సాగిన ఫ్రెంచివారి పాలనలో, ఆఫ్రికా, మడగాస్కర్లనుండి తెచ్చిన బానిసల నోట రూపుదిద్దుకున్న భాష అది. 1834 తరువాత మనవారు కూలి ఒప్పందాలమీద వచ్చేనాటికి చెరకు తోటలలో అదే వాడుక. 1880లో ఛార్లెస్ బైసాక్ దానిమీద శ్రద్ధగా పుస్తకం రాశాడు గాని, పేరులోనే దానిని 'పాటువా', అంటే మోటు మాట, అన్నాడు.

అంకెలతో తూచే పని బాగా నిలదొక్కుకున్నది 1960లో, అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ గ్రీన్‌బర్గ్ వ్యాసంతో. ఆయన పద్ధతి సులువే. ఒక రచనలో వంద మాటలు తీసుకొని, వాటిలో అర్థవంతమైన తునకలెన్నో లెక్కించి, వందతో భాగించాలి. వియత్నామీకు 1.06, ఇంగ్లీషుకు 1.68, సంస్కృతానికి 2.59, ఎస్కిమోకు 3.72 వచ్చాయి. ఎక్కువ తక్కువల గొడవ లేకుండా వట్టి లెక్క చెప్పడం ఈ త్రాసులోని మర్యాద.

మనమూ ఒక మాట తూచి చూద్దాం. "చెప్పించలేకపోయాను". చెప్పు, ఇంచు, లేక, పో, యా, ను: ఎలా విరిచినా ఆరు తునకలకు తగ్గవు. ఇదే క్రియోల్‌లో "మో పా తి కపావ్ ఫేర్ లి దీర్" అవుతుంది. ఏడు మాటలు. తునకలు దాదాపు అన్నే. మనం కలిపి రాశాం, వారు విడదీసి రాశారు, అంతే తేడా! మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఎక్కడ పెట్టాలన్నదానిమీద కూడా ఈ లెక్క ఆధారపడుతున్నదన్నమాట.

అర్థాలను తూచబోతే చిక్కు ఇంకా పెరుగుతుంది. మేము, మనము అన్న తేడా క్రియోల్‌కు లేదు. రెంటికీ "నూ" ఒక్కటే. అన్న, తమ్ముడు వట్టి "ఫ్రేర్"లే; కావాలంటే పెద్ద, చిన్న అని ముందు చేర్చుకోవాలి. "వచ్చాడట" లోని ఆ చిన్న 'ట', నేను చూడలేదు సుమా అని చెప్పే 'ట', అక్కడ ఒక వాక్యమే అవుతుంది. అయితే లోటు మనవైపూ ఉంది. "వస్తాను" అంటే రోజూ వస్తాననా, రేపు వస్తాననా? తెలుగులో సందర్భమే చెప్పాలి. క్రియోల్‌లో రేపు వచ్చేవాడు "పూ" చేర్చి తీరాలి. మన "తిన్నాను" ఒక్కదానికి వారికి "మో తి మాంజే", "మోన్ మాంజే" అని రెండున్నాయి. ఒకటి గడిచిన సంగతి, రెండవది ఇప్పటికి పూర్తయిన పని.

లోకంలోని భాషలన్నీ మొత్తంమీద ఇంచుమించు సమాన బరువే అని 1958లో చార్లెస్ హాకెట్ రాశాడు. ఒకచోట సులువైతే మరొకచోట చిక్కు ఉంటుందని ఆయన భావం. 2001లో జాన్ మెక్‌వోర్టర్ దానిని కాదని, వయసు వచ్చాక నేర్చుకున్నవారి నోట పుట్టిన క్రియోల్ భాషలే అన్నిటికన్నా తేలిక అన్నాడు. హైతీ క్రియోల్ మాతృభాషగా గల శాస్త్రజ్ఞుడు మిషెల్ డెగ్రాఫ్ ఆ వాదాన్ని తీవ్రంగా ఎదిరించాడు. తగవు తేలలేదు. నా మట్టుకు హాకెట్ మాట మంచి మనసుతో అన్నదే గాని, కొలిచి అన్నది కాదనిపిస్తుంది. మెక్‌వోర్టర్ కొలిచాడు, కాని ఏవి కొలవాలో ఎంచుకున్నదీ ఆయనే.

ఇక మన ఇళ్ళలో సంగతి. "నాన్న వచ్చింది" అని పిల్లలు అంటే పెద్దలు నొచ్చుకుంటారు. ఆ పిల్లలకు తెలిసిన "లి" అనే మాటలో అతడు, ఆమె, అది మూడూ ఇమిడి ఉన్నాయి. వారు మూడింటిని విడదీయడం కొత్తగా నేర్చుకుంటున్నారు. ఎదురు సంగతీ ఒకటుంది. క్రియోల్‌లో చాలా క్రియలు వెనుక కర్మ వస్తే తోక తెంపుకుంటాయి: తింటున్నాను అంటే "మో పే మాంజే", అన్నం తింటున్నాను అంటే "మో పే మాంజ్ దిరి". ఈ నియమం పిల్లలకు ఎవరూ నేర్పరు. 2012లో ప్రాథమిక పాఠశాలలలో క్రియోల్ బోధన మొదలుకాక ముందూ వారికది వచ్చు. ఆంధ్రదేశంనుండి వచ్చి చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉన్న ఒక పండితులవారు మాత్రం నేటికీ "మో పే మాంజే దిరి" అనే అంటారు. పక్క బల్లమీద పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకుంటారు. ఆయనకు ఎందుకో తెలియదు. వారికీ చెప్పడం రాదు.